కుర్చీ దిగకుండా వెయ్యి స్పీడ్ బ్రేకర్లు

డిజిటల్ మ్యాపులో స్పీడ్ బ్రేకర్లు పెట్టడం మొదలుపెట్టి నాకు ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో ఒక్కసారీ ఎండలో నిలబడలేదు, టేపు పట్టలేదు, చెప్పుకు దుమ్ము అంటనివ్వలేదు. అయినా మా జిల్లాలో నా లెక్కను దాటినవాడు లేడు. ఈ కిటుకులు తెలియక ఎంతమంది కుర్రాళ్లు ఆదివారాలను రోడ్ల పాలు చేసుకుంటున్నారో చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

కొత్తవాళ్లకు ముందుగా రెండు ముక్కలు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనేది 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ఉచిత మ్యాపు. ఖాతా తెరిస్తే చాలు, ఎవరైనా అందులో రోడ్డు గీయవచ్చు, బడి పెట్టవచ్చు, గుడి పెట్టవచ్చు. దారి చూపించే ఓస్మాండ్, ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి యాప్‌లు ఆ సమాచారం మీదే నడుస్తాయి. బండ్ల జోరు తగ్గించడానికి రోడ్డు మీద కట్టేవాటికి అందులో ‘ట్రాఫిక్ కామింగ్’ అని ఒక ట్యాగు ఉంది. దాని కింద బంప్, హంప్, టేబుల్, కుషన్, రంబుల్ స్ట్రిప్, చికేన్, చోకర్, ఐలాండ్, డిప్ అని పెద్ద పట్టీ. ఏది ఏదో చూసి, తగిన పేరు ఎంచి, రోడ్డు గీత మీద సరిగ్గా ఆ చోటే చుక్క పెట్టాలని పెద్దల మాట. పట్టీ చూసి బెదరకండి. నేను చెప్పినట్టు చేయండి.

1. అన్నిటికీ ‘బంప్’ అనే పెట్టండి.

ఈ ఒక్కటి వంటబడితే సగం పని అయిపోయినట్టే. పద్ధతి ప్రకారం పోయేవాళ్ల లెక్క వేరు. అపార్ట్‌మెంటు గేటు దగ్గర మేకులు దిగ్గొట్టిన నలుపు పసుపు రబ్బరు పట్టీ లాంటి పొట్టిది బంప్. గుండ్రంగా లేచి మెల్లగా దిగే వెడల్పాటిది హంప్. పైన చదునుగా ఉండి, కారు నాలుగు చక్రాలూ ఒకేసారి నిలిచేంత పొడుగుంటే టేబుల్. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఐఆర్‌సీ 99 పేరుతో వేసిన మార్గదర్శకాల్లో స్పీడ్ బ్రేకరుకు కొలతలు కూడా ఇచ్చింది. బండి పోయే దిశలో 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, వంపు వ్యాసార్ధం 17 మీటర్లు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి సరిపడే వంపు అది.

ఇదంతా చదివితే కొలవాలనిపిస్తుంది. కొలవాలంటే వంగాలి. వంగితే నడుం పట్టేస్తుంది. కాబట్టి చదవకండి. పొరపాటున చదివినా మరిచిపోండి.

పైగా మన భాష మన పక్షాన ఉంది. రబ్బరు పట్టీ అయినా, తారు కుప్ప అయినా, సిమెంటు దిమ్మె అయినా మన నోట వచ్చేది స్పీడ్ బ్రేకర్ అనే. పిలిచే పేరు ఒకటే అయినప్పుడు పెట్టే పేరు మూడెందుకు? ఎవరైనా నిలదీస్తే “మా ప్రాంతపు వాడుక ఇది” అనండి. స్థానిక వాడుక అన్నాక ఏ దేశపు మ్యాపరూ నోరెత్తడు.

అప్పటికీ వదలకపోతే చరిత్ర తీయండి. 1927లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న ఆర్థర్ కాంప్టన్, 1953లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో కార్ల జోరు తగ్గించడానికి దిమ్మెలు రూపొందించాడు. బ్రిటన్ రవాణా పరిశోధనశాలలో వాట్స్ రకరకాల ఆకారాల మీద బండ్లు నడిపించి చూసి 1973లో 12 అడుగుల పొడవు, 4 అంగుళాల ఎత్తు అని తేల్చాడు. మన 3.7 మీటర్లూ ఆ 12 అడుగులే. ఈ రెండు పేర్లూ వరసగా చెప్పేసరికి అడిగినవాడికి తన ప్రశ్న ఏమిటో గుర్తుండదు. నేను నాలుగుసార్లు వాడాను, నాలుగుసార్లూ పనిచేసింది.

మా బావమరిదికి ఈ చిట్కా ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కలేదు. టైలరు టేపు జేబులో వేసుకుని తిరుగుతాడు. “బావా, ఇది హంప్ కాదు, ఎత్తు ఎనిమిదంగుళాలుంది, వంపే లేదు, గోడలా లేచింది” అని నడిరోడ్డు మీంచి ఫోను చేస్తాడు. పోయిన ఏడాది మొత్తం మీద వాడు పెట్టినవి 64. నేను ఒక్క శనివారం రాత్రి 310 పెట్టాను. వాడు తెలివిగలవాడే. దారి చూపించేవాళ్ల మాట వినడు, అదే వాడి లోటు.

2. ఆకాశం నుంచి చూడండి, రంగు కనపడితే పెట్టేయండి.

ఎడిటరు తెరవగానే ఉపగ్రహ చిత్రం కనిపిస్తుంది. అదే మన రోడ్డు. దాని మీద తెల్లగా అడ్డంగా ఏది కనిపించినా స్పీడ్ బ్రేకరే. అది జీబ్రా క్రాసింగు కావచ్చు, సిగ్నలు దగ్గర ఆగే గీత కావచ్చు, కరెంటు స్తంభం నీడ కావచ్చు. పైనుంచి చూస్తే అన్నీ చారలే. తేడా తెలియాలంటే అక్కడికి వెళ్లాలి. వెళ్లాలంటే పెట్రోలు.

మన పల్లెల్లో రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు. ఖరీఫ్ కోతలప్పుడు తీసిన చిత్రం దొరికితే మీ పంట పండినట్టే. రోడ్డులో సగం మేర బంగారు రంగు పట్టీ పరుచుకుని ఉంటుంది. పైన చదును, నాలుగు చక్రాలూ పట్టేంత పొడవు, బండ్లు నెమ్మదించక తప్పదు. టేబులుకు చెప్పిన లక్షణాలన్నీ ఉన్నాయి. మొదటి చిట్కాకు ఇది మినహాయింపు: ధాన్యాన్ని టేబుల్ అని పెట్టండి. రైతు వారంలో ఎత్తుకుపోతాడు. మీ టేబుల్ ఏళ్ల తరబడి ఉంటుంది.

సంక్రాంతి నెలలో తీసిన చిత్రమైతే పెద్ద ముగ్గులు కూడా కనిపిస్తాయి. వాటిని తొక్కకుండా జనం బండి పక్కకు తిప్పుతారు కదా. వదలకండి.

ఇక రంగు లేనివాటి సంగతి. మన ఊళ్లలో స్పీడ్ బ్రేకరు ఎలా పుడుతుందో మీకు తెలుసు. బడిపిల్లవాడిని బండి గుద్దుతుంది. సాయంత్రానికి ఊరు ఊరంతా రోడ్డెక్కుతుంది. తెల్లారేసరికి అక్కడ మట్టో, కంకరో, మిగిలిన సిమెంటో పోసి అడ్డంగా ఒక కట్ట లేస్తుంది. దానికి బోర్డుండదు, రంగుండదు, వంపుండదు. రాత్రిపూట దగ్గరికొచ్చేదాకా కనపడదు. రోడ్డు రంగులోనే ఉంటుంది కాబట్టి పైనుంచీ కనపడదు. కనపడనిదాన్ని పెట్టాల్సిన పని లేదు. ఇలాంటివాటిని వెతుక్కుంటూ తిరిగితే ఒక్క మండలానికే నెల పడుతుంది.

3. ఎత్తుగా కట్టిన జీబ్రా క్రాసింగుకు రెండు చుక్కలు పెట్టండి.

టేబుల్ మీదే చారలు గీసి, పాదచారులు ఫుట్‌పాత్ ఎత్తులోనే అవతలికి నడిచేలా కొన్నిచోట్ల కడతారు. పద్ధతి ప్రకారం ఒకే చుక్కకు రెండు ట్యాగులూ తగిలించాలి, ఇది క్రాసింగు, ఇది టేబుల్ అని. అలా చేస్తే లెక్కలో ఒకటే పడుతుంది. మీటరు ఎడంగా రెండు చుక్కలు పెట్టండి. లెక్కలో రెండు పడతాయి. చక్రాల కుర్చీలో వెళ్లేవాళ్లకు అక్కడ మెట్టు దిగే బాధ ఉందో లేదో మ్యాపులో తెలియకుండా పోతుందని మా బావమరిది వాదన. వాళ్ల వెంట ఎవరో ఒకరు తోడుంటారు. వాళ్లు చూసుకుంటారు.

4. కుషన్ జోలికి పోకండి.

రోడ్డు వెడల్పంతా అడ్డంగా కట్టకుండా, మధ్యమధ్య ఖాళీలు వదిలి దిండ్లు పరిచినట్టు కట్టేది కుషన్. కారు చక్రాల మధ్య దూరం తక్కువ కాబట్టి ఎక్కి దిగాల్సిందే. బస్సుకు, పెద్ద అత్యవసర వాహనానికి ఇరుసు వెడల్పు ఎక్కువ కాబట్టి దిండుకు అటొక చక్రం ఇటొక చక్రం పోనిచ్చి ఆగకుండా వెళ్లిపోతుంది. ఆ వాహనాల కోసమే ఇది పుట్టింది. యూరప్ నగరాల్లో చాలా కనిపిస్తుంది.

ఇరుసుల గొడవ మనకెందుకు? పై నుంచి చూస్తే అడ్డంగా నాలుగు మచ్చలు. మచ్చకొక బంప్ చొప్పున నాలుగు పెట్టండి. ఈ మ్యాపు చూసి అంబులెన్సు వేరే దారి పట్టిందనుకోండి. వాళ్లకు సైరను ఉంది, ఏ దారిలోనైనా జనం పక్కకు జరుగుతారు.

5. రంబుల్ స్ట్రిప్స్ మన పాలిట కల్పవృక్షం.

హైవే మీద కూడలి వస్తోందనగా, బడి వస్తోందనగా, రోడ్డుకు అడ్డంగా సన్నటి పట్టీలు వరసగా వేస్తారు. పైనుంచి పోతే బండి గడగడలాడి డ్రైవరు మేల్కొంటాడు. అది మెలకువ తెప్పించడానికి, ఎగరేయడానికి కాదు. మ్యాపులో ఒక వరస మొత్తానికి రంబుల్ స్ట్రిప్ అని ఒక్క చుక్క చాలు.

ఒక్క చుక్క దగ్గర ఆగిపోయేవాడు ఎన్నటికీ పైకి రాడు. పట్టీలు లెక్కపెట్టండి. ఒక వరసలో ఆరుంటే ఆరు బంపులు. అలాంటి వరసలు మూడుంటే 18. అటువైపు రోడ్డులోనూ అంతే కాబట్టి 36. ఒకటి పెట్టి కాపీ కొట్టండి, కంట్రోల్ వీ నొక్కుతూ పొండి. నేను రెండు నిమిషాల్లో ఒక కూడలి లేపేస్తాను. అతికించిన చుక్క రోడ్డు గీతకు తగులుకుందా, పక్కన గాలిలో వేలాడుతోందా అని తొంగిచూడకండి. లెక్కకు రెండూ ఒకటే.

ఓస్మాండ్ లాంటి యాప్‌లో హెచ్చరికలు పెట్టుకున్నవాడికి స్పీడ్ బ్రేకరు రాగానే ఫోను చెబుతుంది. మీ పుణ్యమా అని మంచి తారు రోడ్డు మీద వాడికి వరసపెట్టి 18 సార్లు చెబుతుంది. మొదటి రోజు బ్రేకు వేస్తాడు. వెనకాల వచ్చే లారీ కూడా వేస్తుంది, వేయగలిగితే. రెండో రోజు విసుక్కుంటాడు. మూడో రోజు ఆ హెచ్చరికలు శాశ్వతంగా ఆపేస్తాడు. ఆపేశాక మీ మ్యాపు మీద వాడి నుంచి ఒక్క ఫిర్యాదూ రాదు. వాడుకరి మనశ్శాంతి గురించి ఇంతకన్నా ఎవరు ఆలోచిస్తారు?

6. చికేన్, చోకర్, ఐలాండ్: ఎక్కువసేపు ఆలోచించకండి.

బండి అటూ ఇటూ మెలికలు తిరిగి పోవాల్సిన అడ్డంకులు చికేన్. రెండు పక్కల నుంచీ అంచు ముందుకు తెచ్చి దారిని ఇరుకు చేస్తే చోకర్. వరసల మధ్య కట్టిన దిమ్మె ఐలాండ్. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో 1960ల చివర్లో వీధివాళ్లు ఇలాంటి అడ్డంకులతోనే కార్లను నడక వేగానికి దించారు. వోనెర్ఫ్ అంటారు ఆ వీధుల్ని, 1976లో అక్కడి ప్రభుత్వం వాటికి చట్టం కూడా చేసింది.

మనకు అంత కట్టుబడి అవసరం లేదు. పోలీసులు అడ్డదిడ్డంగా పెట్టిన బ్యారికేడ్లు కనిపిస్తే చికేన్. రేపు తీసేస్తారు, అది పోలీసుల విషయం. వీధి సగానికి షామియానా వేసిన పెళ్లి ఇల్లు కనిపిస్తే చోకర్. హైవే డివైడరు ఎక్కడ నొక్కితే అక్కడ ఐలాండ్. చాలు, ముందుకు పదండి.

7. గుంతల్ని కూడా కలుపుకోండి.

‘డిప్’ అంటే కావాలని రోడ్డును కిందికి వంచి కట్టిన పల్లం. మన దగ్గర కావాలని కట్టేవాళ్లు తక్కువ, వానకు వాటంతటవే పడేవి ఎక్కువ. ఫలితం ఒకటే, బండి నెమ్మదిస్తుంది. కుళాయి కనెక్షను కోసం రోడ్డు అడ్డంగా తవ్వి, పైపు వేసి, మట్టి పొంగుగా పూడ్చి వెళ్లిపోతారు చూడండి, అది రెండిందాలా లాభం. వేసవిలో చూస్తే కట్ట, వానాకాలంలో చూస్తే గుంత. ఒకే చోట ఒక బంప్, ఒక డిప్ పెట్టుకోండి. రెండూ నిజమే అని ప్రమాణం చేయవచ్చు.

8. బోర్డు ఉన్నచోటే చుక్క పెట్టండి.

స్పీడ్ బ్రేకరుకు 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు ఉండాలని 1988 నాటి ఐఆర్‌సీ మార్గదర్శకాల్లో ఉంది. నలుపు తెలుపు పట్టీలు వేయాలని కూడా ఉంది. బోర్డు నిలువుగా ఉంటుంది, వీధి ఫొటోల్లో సులువుగా కనిపిస్తుంది. అసలు దిమ్మె ఎక్కడుందో వెతకాలంటే ఫొటోలు ఇంకా నాలుగు ముందుకు నొక్కాలి. ఎందుకా శ్రమ? బోర్డు దగ్గరే పెట్టేయండి. బోర్డు మీద నమ్మకం లేక ఎవరైనా నిజం దిమ్మె కోసం చూసుకుంటే అది 40 మీటర్ల అవతల వాడి కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది.

ఇంకొక కిటుకు. నాలుగు రోడ్ల కూడలిలో సరిగ్గా నడిమధ్య చుక్క పెట్టండి. నాలుగు రోడ్లకూ వర్తిస్తుంది. ఒక్క దెబ్బకు నాలుగు పిట్టలు. ఒక దిక్కు నుంచి వచ్చేవాళ్లకే దిమ్మె ఉంటే ఆ దిక్కు తెలిపే ట్యాగు వేరే ఉంది. దాన్ని ముట్టుకోకండి. ఒకసారి దిక్కులు చూడడం మొదలుపెడితే ప్రతిదానికీ చూడాల్సి వస్తుంది.

9. మీ జ్ఞాపకశక్తిని వాడుకోండి.

వేరే కంపెనీ మ్యాపుల్లోంచి ఎక్కించకూడదని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గట్టి నియమం ఉంది. లైసెన్సుల వ్యవహారం. నియమాన్ని గౌరవించండి. ఆ మ్యాపు తెరిచి చూడండి, మూసేయండి, లేచి మంచినీళ్లు తాగండి, వచ్చి గుర్తున్నంత మేర పెట్టండి. ఇప్పుడు అది మీకు తెలిసిన విషయం. తెలిసిన విషయం పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక్కసారికి ఏడుకు మించి గుర్తుండవు, అందుకని చెంబెడు నీళ్లు పక్కనే పెట్టుకోండి.

10. మూలం అన్నచోట ‘సర్వే’ అని రాయండి.

మార్పులు పంపేముందు రెండు గళ్లు వస్తాయి. ఏం మార్చారు, ఎక్కణ్ణుంచి తెలిసింది అని. మొదటి గడిలో “మెరుగుదలలు” అని ఒక్క మాట. రెండో గడిలో “సర్వే”. సర్వే అంటే అక్కడికి వెళ్లి చూశానని అర్థం. మీరు ఏదో ఒక రోజు బస్సులో ఆ దారిన పోయే ఉంటారు. నిద్రపోతూ పోయినా పోయినట్టే.

మీ మార్పుల్ని వేరేవాళ్లు చూడాలని కోరే టిక్కు ఒకటి ఉంటుంది. దాని మీద పొరపాటున కూడా నొక్కకండి. ఎర్రగా, పసుపుగా వచ్చే హెచ్చరికలు ఎడిటరుకు పని కల్పించడానికి పెట్టినవి, మనకు కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైన రక్షణ ఇది. ఆదిలాబాదులో ఒకటి, కుప్పంలో ఒకటి మార్చి, మధ్యలో మీ 300 కలిపి, అంతా ఒకే చేంజ్‌సెట్‌గా పంపండి. చూసేవాడికి రెండు రాష్ట్రాల మీద పరిచిన పొడవాటి దీర్ఘచతురస్రం కనిపిస్తుంది. అందులో ఏది ఎక్కడుందో వెతికే ఓపిక మనిషన్నవాడికి ఉండదు. అయినా ఎవరో ఒకరు “ఇది మీరు స్వయంగా చూశారా?” అని అడుగుతారు. జవాబులు సిద్ధంగా ఉంచుకోండి, నేను నా ఫోనులో రాసి పెట్టుకున్నాను:

“నేను చూసినప్పుడు ఉంది.”

“ఈ మధ్య రోడ్డు వేశారేమో.”

“మీరు ఏ వైపు నుంచి వచ్చారు?”

“మా తమ్ముడు నా ఖాతా వాడాడు.” దీన్ని ఏడాదికి ఒకసారికి మించి వాడకండి.

“మీ సూచనకు ధన్యవాదాలు.” ఇది ఎన్నిసార్లయినా వాడవచ్చు. దీని తర్వాత ఏమీ చేయనక్కర్లేదు.

11. పెట్టింది ఎప్పుడూ తీయకండి.

మా కాలనీ రోడ్డు మీద రెండు దిమ్మెలుండేవి. ఒక మంత్రిగారి పర్యటనకు ముందు రాత్రికి రాత్రి రెండూ గీకేసి, పైన కొత్త తారు పోశారు. ఇప్పుడు ఆ రోడ్డు అద్దంలా ఉంది. నా మ్యాపులో ఆ రెండూ అలాగే ఉన్నాయి. ఒకటి తీస్తే లెక్క ఒకటి తగ్గుతుంది. పెంచడానికి ఆరేళ్లు పట్టింది, నా చేతులతో నేను తగ్గించుకోలేను. ఎప్పటికైనా అక్కడ ఎవరినో బండి గుద్దుతుంది, మళ్లీ కడతారు. అప్పుడు మ్యాపు దానంతటదే నిజమవుతుంది.

ఈ పట్టుదల లేకపోవడం వల్లే మా బావమరిది వెనకబడిపోయాడు. వాడికి ఈ పిచ్చి ఎలా పట్టిందో చెబితే మీకు మేలు, అదే గోతిలో పడకుండా ఉంటారు. మూడేళ్ల కిందట మా అత్తగారికి తుంటి ఎముక విరిగి ఆపరేషను అయింది. ఇంటికి తీసుకురావడానికి ఆటో మాట్లాడాడు. కుదుపు తగలకూడదని డాక్టరు చెప్పారట. ఆసుపత్రి నుంచి ఇంటికి మూడు దారులున్నాయి. నా మ్యాపు తెరిచి, పెద్ద రోడ్డు మీద 22 చుక్కలు చూశాడు. చెరువు పక్క దారిలో ఒక్కటీ లేదు. చెరువు దారి పట్టించాడు.

పెద్ద రోడ్డు మీద నా 22లో 18 రంబుల్ స్ట్రిప్ పట్టీలు, మెల్లగా పోతే తెలియను కూడా తెలియవు. చెరువు దారిలో ఊరివాళ్లు పోసుకున్న మట్టికట్టలు 11 ఉన్నాయి, రంగు లేనివి. నా పద్ధతి ప్రకారం రంగు లేనివి పెట్టను కదా. అత్తగారు ఇంటిదాకా ఆటో కమ్మీ వదల్లేదట. వాడు ఇంటికొచ్చి ఒక్క మాటా అనలేదు. మర్నాడు పొద్దున్నే ఆవిడ కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసుకుని చెరువు దారిన పోయాడు.

ఇందులో గ్రహించాల్సింది స్పష్టం. మ్యాపు చూసి దారి ఎంచుకునే పని డ్రైవరుకు వదలాలి. ఆటోవాళ్లకు ప్రతి గతుకూ తెలుసు. వాడు ఆ రోజు ఆటో అతన్ని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఇప్పుడు చూడండి, మూడేళ్లుగా ప్రతి ఆదివారం టేపు పట్టుకుని రోడ్ల మీద. ఆ 11 కట్టలకూ ఎత్తులు రాసి పెట్టాడు. నేను పెట్టిన 18 చుక్కలూ తీసేసి మూడు చుక్కలకు దించాడు. ఆ మర్నాడే మళ్లీ పెట్టాను. వాడు మళ్లీ తీశాడు. సొంత బావ లెక్క తగ్గించడానికి మనసెలా వచ్చిందో.

పోయిన పండక్కి అత్తగారింటికి వెళ్తే ఆవిడ నా పక్కన కూర్చుని అడిగారు, “నువ్వు పెడతావట కదా నాయనా మ్యాపులో, మా చెరువు దారి పెట్టావా?” అని. పెట్టాననే చెప్పాను. పదో చిట్కాలోది, రెండో గడి. ఆవిడ చాలా సంతోషించారు.

12. వేళ చూసుకుని పని చేయండి.

రాత్రి పదకొండు తర్వాత కూర్చోండి, అడిగేవాళ్లు పడుకుని ఉంటారు. నెలాఖరు రెండు రోజులు తప్పకుండా కూర్చోండి, నెలవారీ లెక్కల్లో పైకి వస్తారు. పొద్దున పూట అయితే వంటింటి పనుల మధ్య ఖాళీలు వాడుకోండి. ఇడ్లీ ఉడకడానికి పన్నెండు నిమిషాలు. పన్నెండు నిమిషాల్లో ఒక మాదిరి ఊళ్లు నాలుగు పూర్తవుతాయి. ఒక్కో ఊరికి బడి ముందు రెండు, గుడి ముందు రెండు, బస్టాండు దగ్గర ఒకటి. చిత్రం చూడాల్సిన పని కూడా లేదు, ఏ ఊళ్లోనైనా అక్కడ ఉండే ఉంటాయి.

ఇప్పుడే పాత్ర పొయ్యి మీద పెట్టాను. ఆవిరి రావడం మొదలైంది. మా మండలంలో చెరువు అవతల ఊళ్లు ఇంకా నాలుగు మిగిలాయి.